టర్బో స్పోర్ట్స్ కార్లలో స్వల్ప ఆయిల్ లీకులు

టర్బోచార్జర్ బిగించిన ఇంజన్‌లో అతుకుల దగ్గరా, సీళ్ల దగ్గరా, గొట్టాల కీళ్ల దగ్గరా ఇంజన్ ఆయిల్ కొద్దికొద్దిగా బయటికి రావడాన్ని స్వల్ప ఆయిల్ లీకు అంటారు. ఆయిల్ ప్రెషర్ పడిపోకుండా, ఒక ఆయిల్ మార్పిడికీ మరో మార్పిడికీ మధ్య మట్టం కనీస గీత దిగువకు పోకుండా ఉన్నంత వరకు దాన్ని స్వల్పం కిందే లెక్కగడతారు. ఈ నిర్వచనం పరిమాణాన్ని మాత్రమే పట్టించుకుంటుంది. టర్బో కారు విషయంలో అది చాలదు. చుక్క ఎక్కడ పుట్టింది, దేని మీద పడుతోంది, దాన్ని ఆపాలంటే ఎంత యంత్రం విప్పాలి అన్న మూడు సంగతులు తేలితే గాని ఆ లీకు చిన్నదో పెద్దదో చెప్పలేం. రాత్రికి పది చుక్కలు నేల మీద పడితే ఒక అట్టముక్క పరిస్తే సరిపోతుంది. అవే పది చుక్కలు టైమింగ్ బెల్టు మీదో, ఎర్రగా కాలిన టర్బైన్ గూడు మీదో పడితే సంగతి వేరు.

ఈ వ్యాసానికి ప్రధాన ఉదాహరణ జర్మన్ కంపెనీ పోర్షె 1975 నుంచి 1989 వరకు తయారు చేసిన 911 టర్బో. కంపెనీ లెక్కల్లో దాని సంఖ్య 930. గాలితో చల్లబడే ఆరు సిలిండర్ల ఇంజన్, విడిగా ఆయిల్ ట్యాంకు, ఇంజన్ కన్నా దిగువన వేలాడే టర్బో: ఆయిల్ కారడానికి ఉన్న దారులన్నీ ఈ ఒక్క కారులోనే కనిపిస్తాయి.

పదజాలం

మెకానిక్కులు లీకును మూడు దశలుగా చూస్తారు. లోహం మీద ఆయిల్ పొరలా పట్టి, దాని మీద దుమ్ము అంటుకుని నల్లబడితే అది చెమర్పు. అడుగున చుక్క గుమిగూడి అప్పుడప్పుడూ రాలితే కారడం. బండి నిలిపిన చోట మడుగు కడితే అది స్వల్పం కాదు, ఈ వ్యాసం పరిధిలోనిదీ కాదు.

తెలుగునాట ఆటోనగర్ షెడ్లలో గ్యాస్కెట్‌ను ప్యాకింగు అనీ, వాల్వు కవరును టాపెట్ కవరు అనీ, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిని ఆయిల్ చాంబరు అనీ అంటారు. ఈ వ్యాసంలోనూ అవే మాటలు వాడాం. 930కి మాత్రం మామూలు అర్థంలో ఆయిల్ చాంబరు లేదు. కారణం కింద వస్తుంది.

చరిత్ర

ఎగ్జాస్ట్ వాయువుల బలంతో గాలిని కుదించి సిలిండర్లలోకి నెట్టే ఆలోచనకు స్విస్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంట్ తీసుకున్నాడు. మామూలు కొనుగోలుదార్లకు అమ్మిన తొలి టర్బో కార్లు 1962లో అమెరికాలో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవ్రొలే కోర్వేర్ మోంజా స్పైడర్. యూరప్‌లో 1973లో బీఎండబ్ల్యూ 2002 టర్బో వచ్చింది.

పోర్షె ఈ విద్యను రేసుల్లో నేర్చుకుంది. దాని టర్బో కార్లు ఉత్తర అమెరికాలోని కాన్-యామ్ పోటీల్లో 1972లో 917/10తో, 1973లో 917/30తో ఛాంపియన్‌షిప్ గెలిచాయి. 1974 లే మాన్స్‌లో 2.1 లీటర్ల కరేరా ఆర్ఎస్ఆర్ టర్బో రెండో స్థానంలో నిలిచింది. అదే ఏడాది అక్టోబరులో పారిస్ మోటార్ షోలో 911 టర్బోను జనానికి చూపించారు. మొదటి ఇంజన్ 3.0 లీటర్లు, 260 హార్స్ పవర్. 1978 మోడల్ నుంచి 3.3 లీటర్లకు పెంచి, వెనక రెక్క కింద, కుదించిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పెట్టి 300 హార్స్ పవర్ రాబట్టారు. దీనికి మూలమైన ఆరు సిలిండర్ల ఇంజన్ రూపకర్తల్లో ముఖ్యుడు హాన్స్ మెట్జ్‌గర్.

లీకుల చరిత్రకు మరో పాయ కూడా ఉంది: సీళ్ల పదార్థాలు. డెన్మార్క్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్సెన్ 1930లలో ఓ-రింగుకు పేటెంట్ పొందాడు. వేడి ఆయిల్‌ను తట్టుకునే ఫ్లోరోరబ్బరును డ్యుపాంట్ కంపెనీ 1957లో వైటన్ పేరుతో తెచ్చింది. అయినా 1970ల ఇంజన్లలో చాలా చోట్ల కాగితం ప్యాకింగులు, నైట్రైల్ రబ్బరు రింగులే ఉండేవి. ఆ కాలపు కార్లు ఇప్పుడు కారుస్తున్నాయంటే రూపకల్పనలో తప్పుందని కాదు. పదేళ్లు, పదిహేనేళ్లు పనిచేయాల్సిన రబ్బరును నలభై ఏళ్లు వాడుతున్నారు.

ఆయిల్ తిరిగే దారి — చూడండి: డ్రై సంప్, స్కావెంజ్ పంపు

మామూలు కారులో ఆయిల్ ఇంజన్ అడుగున చాంబరులోనే ఉంటుంది. 911లో అలా కాదు. కుడి వెనక చక్రం దగ్గర, మడ్‌గార్డు లోపల విడిగా ఒక ట్యాంకు ఉంటుంది. ఈ ఏర్పాటునే డ్రై సంప్ అంటారు. ఇంజన్‌లో రెండు భాగాల పంపు ఒకటి పనిచేస్తుంది. ఒక భాగం ట్యాంకు నుంచి ఆయిల్ తీసుకుని బేరింగులకు ప్రెషర్‌తో పంపుతుంది. స్కావెంజ్ పంపు అనే రెండో భాగం క్రాంక్‌కేస్ అడుగున చేరిన ఆయిల్‌ను తోడి ట్యాంకుకు తిప్పి పంపుతుంది. కారు ముందు భాగంలో, కుడి మడ్‌గార్డులో ఒక కూలర్ ఉంటుంది. అక్కడి దాకా ఆయిల్ పోయి రావడానికి కారు పొడవునా గొట్టాలు. మొత్తం ఆయిల్ సుమారు 13 లీటర్లు. మామూలు చిన్న కారులో పట్టే దానికి మూడు నాలుగు రెట్లు.

ఇంత ఆయిల్ ఎందుకంటే, ఈ ఇంజన్‌కు రేడియేటర్ లేదు. ఫ్యాను గాలి తీసుకుపోగా మిగిలిన వేడిలో పెద్ద వాటాను ఆయిలే మోయాలి. గొట్టాలు ఎన్ని ఉంటే కీళ్లు అన్ని, కీళ్లు ఎన్ని ఉంటే కారే చోట్లు అన్ని.

దీనికి టర్బో తోడైంది. టర్బో ఇరుసు జోరు మీదున్నప్పుడు నిమిషానికి లక్ష చుట్ల దరిదాపుల్లో తిరుగుతుంది. దాని బేరింగు పలచటి ఆయిల్ పొర మీద తేలుతుంటుంది. ప్రెషర్‌తో లోపలికి వచ్చిన ఆయిల్ పని ముగించుకుని నురగలాగా బయటపడుతుంది. ఆ నురగ తన బరువుతో కిందికి జారిపోవాలి గాని, వెనక నుంచి నెట్టేదేమీ ఉండదు. అందుకే చాలా కార్లలో టర్బోను చాంబరు కన్నా ఎత్తున పెట్టి, లావుపాటి డ్రెయిన్ గొట్టాన్ని నిటారుగా దించుతారు. 930లో ఆ వీలు లేదు. టర్బో ఇంజన్ వెనక, ఎడమ వైపు కిందికి వేలాడుతుంది. ఆయిల్ దిగిపోవడానికి దాని కింద చోటే లేదు. అందుకని టర్బో కింద చిన్న తొట్టి ఒకటి పెట్టి, అందులో పడిన ఆయిల్‌ను తోడి పైకి పంపడానికి ఎడమ క్యామ్‌షాఫ్ట్ చివర మరో స్కావెంజ్ పంపు బిగించారు. ఇంజన్ ఆపాక పైనున్న ఆయిల్ టర్బోలోకి దిగిపోకుండా సరఫరా గొట్టంలో ఒక చెక్ వాల్వు ఉంటుంది. ఈ కారు పొగ కథలు చాలావరకు ఈ చిన్న వాల్వు దగ్గరే మొదలవుతాయి.

లీకులు పుట్టే కారణాలు — చూడండి: క్రాంక్‌కేస్ వెంటిలేషన్, ఎలాస్టోమర్లు

రబ్బరు గట్టిపడటం మొదటి కారణం. నైట్రైల్ రబ్బరు నిరంతరం వంద డిగ్రీల పైన ఉంటే మెత్తదనం కోల్పోతుంది. తీసి చూస్తే గుండ్రంగా ఉండాల్సిన రింగు రెండు వైపులా చదునై, ప్లాస్టిక్ ముక్కలా గోటికి టక్కుమంటుంది. మళ్లీ పొంగి ఖాళీని నింపే గుణం దానికి ఉండదు. వైటన్ రింగులు దాదాపు 200 డిగ్రీల దాకా ఓర్చుకుంటాయి.

రెండోది వేడెక్కి చల్లారడం. అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఇంజన్ వేడెక్కిన ప్రతిసారీ క్రాంక్‌కేసూ బోల్టులూ వేర్వేరు కొలతల్లో సాగుతాయి, మధ్యలో ప్యాకింగు నలుగుతుంది. టర్బో లేని 911లలో 1968 నుంచి 1977 దాకా మెగ్నీషియం క్రాంక్‌కేసులు వాడారు. వాటి బాధ ఇంకా ఎక్కువ. 930కి మొదటి నుంచీ అల్యూమినియం క్రాంక్‌కేసే.

టర్బో కార్లకు ప్రత్యేకమైనది మూడోది. బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ప్రెషర్, ఎక్కినప్పుడు సిలిండర్లలో ప్రెషర్ పెరుగుతుంది. రింగుల సందుల్లోంచి కొంత వాయువు క్రాంక్‌కేస్‌లోకి దూరుతుంది. దాన్ని బ్రీదర్ గొట్టం బయటికి తీసుకుపోవాలి. ఆ గొట్టం జిడ్డుతో పూడుకుపోయినా, రింగులు అరిగి వాయువు మరీ ఎక్కువైనా లోపలి ప్రెషర్ సీళ్లను బయటికి తోస్తుంది. అలాంటప్పుడు ఎన్ని కొత్త సీళ్లు వేసినా కొన్నాళ్లకు మళ్లీ కారతాయి. సీలు మార్చబోయే ముందు బ్రీదర్ చూడకపోవడం ఈ పనిలో తరచూ జరిగే పొరపాటు.

నిలిపి ఉంచడం నాలుగోది. నెలల తరబడి తిప్పని కారులో సీలు పెదవి ఎండిపోతుంది. పైగా ట్యాంకులోని ఆయిల్ మెల్లగా పంపు సందుల్లోంచి క్రాంక్‌కేస్‌లోకి దిగి, మామూలుగా ఆయిల్ నిలవని చోట్ల నిలుస్తుంది. పాత ఇనుప ఇంజన్ బుల్లెట్ మోటార్‌సైకిలు నడిపినవాళ్లకు ఇది కొత్త కాదు. దానిదీ డ్రై సంప్ ఏర్పాటే. నెల రోజులు నిలిపితే ఆయిలంతా క్రాంకు వైపు చేరి, స్టార్ట్ చేయగానే బ్రీదర్ నుంచి కక్కేది. ఆయిల్ కారడం లేదంటే లోపల ఆయిలే లేదన్న పరిహాసం 911 యజమానుల్లోనూ ఉంది, బుల్లెట్ యజమానుల్లోనూ ఉంది.

లీకు స్థానాలు

టాపెట్ కవర్లు: 930 సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉంటాయి గనక ఒక్కో వైపు పై కవరు ఒకటి, కింది కవరు ఒకటి. కింది కవరులో బండి ఆపాక కూడా ఆయిల్ నిలిచే ఉంటుంది. నేరుగా దాని కిందే ఎగ్జాస్ట్. అందుకే ఇక్కడ చెమర్పు మొదలైతే మొదట తెలిసేది కంటికి కాదు, ముక్కుకు. 911 లోపలికి వెచ్చటి గాలి ఎగ్జాస్ట్ గొట్టాలను చుట్టుకున్న హీట్ ఎక్స్ఛేంజర్ల మీదుగా వస్తుంది. హీటర్ తిప్పగానే కాలిన ఆయిల్ వాసన కూడా దాని వెంటే వస్తుంది. పాత మెగ్నీషియం కవర్లు వంకర తిరిగేవి. తర్వాత వచ్చిన, పక్కటెముకల్లాంటి గట్లున్న అల్యూమినియం కింది కవర్లకు టర్బో కవర్లనే పేరుంది. టర్బో లేని 911ల యజమానులూ వాటిని వెతికి కొని బిగించుకుంటారు.

ఆయిల్ రిటర్న్ ట్యూబులు: క్యామ్ గూళ్లలో చేరిన ఆయిల్ తిరిగి క్రాంక్‌కేస్‌కు దిగడానికి వైపుకు రెండు చొప్పున నాలుగు లోహపు గొట్టాలు ఉంటాయి. ఒక్కోదానికి రెండు చివరలా ఓ-రింగులు. ఇంజన్ కింద పడుకుని పైకి చూస్తే ఎగ్జాస్ట్ గొట్టాల మధ్య నుంచి ఇవి కనిపిస్తాయి. రింగు గట్టిపడితే ట్యూబు అంచు చుట్టూ నల్లటి వలయం కడుతుంది, అందులోంచి చుక్క జారి హీట్ ఎక్స్ఛేంజర్ మీద పడుతుంది. అసలు ట్యూబు మార్చాలంటే క్యామ్ గూడు విప్పాలి. దీనికి విరుగుడుగా రెండు ముక్కలుగా ఒకదానిలో ఒకటి జొచ్చే ట్యూబులు వచ్చాయి. పాతదాన్ని నలిపి లాగేసి, కొత్తదాన్ని కుదించి లోపల పెట్టి, సాగదీసి క్లిప్పు వేస్తే చాలు. వేసవి సెలవుల పని కాస్తా ఆదివారం పనిగా మారింది.

రాకర్ ఇరుసులు: ఆరు సిలిండర్లకు పన్నెండు వాల్వులు, పన్నెండు రాకర్లు, పన్నెండు చిన్న ఇరుసులు. ఒక్కో ఇరుసు క్యామ్ గూడు గోడలో బిగుసుకుని ఉంటుంది. ఆ బిగువు సడలితే అంచు వెంట ఆయిల్ ఊరుతుంది. రేసు కార్ల కోసం పుట్టిన, ఆర్ఎస్ఆర్ సీళ్లని పిలిచే సన్నటి రబ్బరు రింగులను ఇరుసు గాడిలో వేయడం దీనికి వాడుకలో ఉన్న చికిత్స.

ఇంజన్ నెత్తి మీద: క్రాంక్‌కేస్ పైభాగంలో గేరుబాక్సు వైపు మూడు చిన్న సామాన్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఒకటి ఆయిల్ థర్మోస్టాట్, రెండోది బ్రీదర్ మూత, మూడోది ఆయిల్ ప్రెషర్ స్విచ్చి. మూడింటి సీళ్లూ అటూ ఇటుగా ఒకే కాలంలో చెడతాయి. వాటిని చేరాలంటే ఇంజన్‌ను కనీసం కొంత కిందికి దించాలి. ఇంగ్లీషు మాట్లాడే యజమానులు ఈ మూడింటినీ కలిపి చావు త్రికోణమని పిలుస్తారు. పేరు మరీ భయంకరంగా ఉంది గాని, ఉన్నది రెండు రింగులు, ఒక ప్యాకింగు, ఒక స్విచ్చి. అసలు చిక్కు ఖర్చుది కాదు, గుర్తింపుది. అక్కడ ఊరిన ఆయిల్ క్రాంక్‌కేస్ వీపు మీదుగా జారి, ఇంజన్, గేరుబాక్సు కలిసే చోట కిందికి రాలుతుంది. చూసినవాళ్లు ఫ్లైవీల్ సీలు పోయిందనుకుంటారు.

ఫ్లైవీల్ సీలు: క్రాంక్‌షాఫ్ట్ క్లచ్ వైపు బయటికి వచ్చే చోట ఉండే పెదవి సీలు. ఆయిల్ క్లచ్ ప్లేటుకు తగిలితే క్లచ్ జారుతుంది. ఇంజన్‌నూ గేరుబాక్సునూ విడదీయకుండా దీన్ని మార్చలేం కనక క్లచ్ మార్చినప్పుడల్లా దీన్నీ మార్చడం ఆనవాయితీ.

చైన్ కవర్లు, గొట్టాల కీళ్లు, డ్రెయిన్ బోల్టుల వాషర్లు: ఇవి కూడా తరచూ చెమరుస్తాయి. వాషర్ల సంగతి మరీ సులువు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్తది వేయాలి. క్రాంక్‌కేస్ రెండు సగాలు కలిసే గీత మాత్రం వేరే. ఆ అతుకుకు ప్యాకింగు లేదు, సీలెంటు పూత మాత్రమే. దాని కోసం ఇంజన్ మొత్తం విప్పాల్సిందే. చెమర్పు దాటని లీకుకు అంత పని ఎవరూ పెట్టుకోరు, పెట్టుకోకూడదు కూడా.

టర్బో లీకులు — చూడండి: టర్బోచార్జర్, ఆయిల్ కోకింగ్

టర్బో లోపలి సీలు రబ్బరుది కాదు. పిస్టన్ రింగు లాంటి లోహపు రింగు ఇరుసు గాడిలో కూర్చుంటుంది. అది ఆయిల్‌ను పూర్తిగా అడ్డుకోదు. రెండు వైపులా ఉన్న వాయు ప్రెషర్లు, కింద తెరిచి ఉన్న డ్రెయిన్ దారి కలిసి ఆయిల్‌ను లోపలే ఉంచుతాయి. డ్రెయిన్ మూసుకుపోయినా, క్రాంక్‌కేస్‌లో ప్రెషర్ పెరిగినా, స్కావెంజ్ పంపు అరిగినా టర్బోలో ఆయిల్ నిండి రింగును దాటుతుంది. టర్బైన్ వైపు దాటితే ఎగ్జాస్ట్‌లో నీలి పొగ. కంప్రెసర్ వైపు దాటితే ఇంటర్‌కూలర్ గొట్టాల్లో ఆయిల్. అలా పొగ వస్తే టర్బోనే మార్చేసి, కొత్త టర్బో కూడా పొగ కక్కితే తల పట్టుకున్న సందర్భాలు ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు బాగా తెలుసు. చాలాసార్లు తప్పు టర్బోది కాదు, దాని కింది గొట్టానిది.

గట్టిగా నడిపి వెంటనే ఇంజన్ ఆపేస్తే ఆయిల్ ప్రవాహం ఆగుతుంది, టర్బైన్ గూటి వేడి మాత్రం బేరింగులోకి పాకుతుంది. అక్కడ నిలిచిన ఆయిల్ మాడి బొగ్గు పొరవుతుంది. ఆ పొర రింగునూ బేరింగునూ అరగదీస్తుంది. ఆపే ముందు ఒకటి రెండు నిమిషాలు నెమ్మదిగా నడపమనో, ఐడిల్‌లో ఉంచమనో చెప్పేది అందుకే. 1985లో వచ్చిన పోర్షె 944 టర్బోలో టర్బోకు నీటి చల్లదనం ఇచ్చి, ఇంజన్ ఆగాక కూడా నీటిని తిప్పే ఎలక్ట్రిక్ పంపు పెట్టారు.

లీకులా కనిపించేవి

మూడు పరిస్థితులను లీకులుగా పొరబడటం మామూలు.

930లో ఆయిల్ మట్టాన్ని ఇంజన్ బాగా వేడెక్కాక, సమతలం మీద, ఐడిల్‌లో తిరుగుతుండగా చూడాలి. చల్లటి ఇంజన్‌తో డిప్‌స్టిక్ తీస్తే ట్యాంకులో కొంత ఆయిల్ క్రాంక్‌కేస్‌లోకి దిగి ఉంటుంది కనక కర్ర తడవకపోవచ్చు. తెలియనివాళ్లు లీటరో రెండు లీటర్లో పోసేస్తారు. మర్నాడు వేడెక్కాక ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ దారిన గాలి గొట్టంలోకి పోయి పొగగా బయటపడుతుంది. లీకు వెతకడం మొదలవుతుంది. నిజానికి లేనిది లీకు, ఉన్నది తొందర.

అడ్డంగా పడుకున్న సిలిండర్ల ఇంజన్‌లో, ముఖ్యంగా బండి ఒక పక్కకు ఒరిగి నిలిచినప్పుడు, కొంత ఆయిల్ రింగులు దాటి చేరుతుంది. స్టార్ట్ చేయగానే ఒక్క గుప్పెడు పొగ వచ్చి ఆగిపోతుంది. చెక్ వాల్వు చెడితే వచ్చే పొగ ఇలా ఆగదు. టర్బోలోనూ సైలెన్సర్‌లోనూ నిండిన ఆయిల్ కాలేదాకా నిమిషాల తరబడి వస్తుంది.

ఇంటర్‌కూలర్ గొట్టం విప్పితే లోపల పలచటి ఆయిల్ పొర ఉండటం కూడా జబ్బు కాదు. అది బ్రీదర్ ఆవిరి నుంచి వచ్చింది. వేలు పెడితే జిడ్డు తగలాలి, ఒంపితే కారకూడదు.

మూలాన్ని కనిపెట్టడం

ఆయిల్ రెండు దార్లలో ప్రయాణిస్తుంది: కిందికి జారుతుంది, బండి నడుస్తున్నప్పుడు గాలి తోసిన వైపు పాకుతుంది. కనక చుక్క రాలిన చోటు మూలం కానవసరం లేదు. తడిగా ఉన్న చోట్లన్నిటిలోకీ ఎత్తైన, ముందున్న చోటు నుంచి వెతకడం మొదలుపెట్టాలి.

మొదటి మెట్టు కడగడం. ఏళ్ల తరబడి పేరుకున్న నల్లటి జిడ్డు మీద కొత్త లీకు ఆనదు. ఇంజన్‌ను శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, ఇరవై ముప్పై కిలోమీటర్లు తిప్పి, లిఫ్టు మీద ఎత్తి చూస్తారు. అనుమానమున్న అతుకు మీద టాల్కం పౌడర్ చల్లితే తెల్లటి పొరలో సన్నటి గోధుమరంగు గీత పడుతుంది; ఆ గీత పై కొన ఎక్కడుందో అక్కడే లీకు. అంతకన్నా కష్టమైన చోట్లకు ఆయిల్‌లో అతినీలలోహిత కాంతికి మెరిసే రంగు కలిపి, ఆ దీపంతో చీకట్లో వెతుకుతారు.

రాత్రిపూట బండి కింద పెద్ద అట్ట పరిచి, చక్రాల స్థానాలు పెన్నుతో గుర్తు పెట్టుకోవడం ఖర్చు లేని పద్ధతి. వారం రోజుల అట్టలు పక్కపక్కన పెడితే ఏ చుక్క కొత్తది, ఏది పెరుగుతోంది అన్నది తెలిసిపోతుంది. ఆ చుక్క ఇంజన్ ఆయిలేనా అన్నదీ చూడాలి. గేరు ఆయిల్‌కు గంధకపు ఘాటు వాసన ఉంటుంది, బ్రేకు ఫ్లూయిడ్ పలచగా ఉండి పెయింటును తినేస్తుంది.

లీకుతో పాటు పొగ, ఆయిల్ ఖర్చు కూడా ఉంటే సిలిండర్లలోకి గాలి పట్టి ఎంత శాతం తప్పించుకుంటోందో కొలిచే లీక్-డౌన్ పరీక్ష చేస్తారు. రింగులు అరిగాయని తేలితే సీళ్ల మరమ్మతు వృథా.

తీవ్రత

ముప్పై ఆయిల్ చుక్కలకు ఒక మిల్లీలీటరు అనుకుంటే, రాత్రికి పది చుక్కలు రాలే కారు ఏడాదికి నూట ఇరవై మిల్లీలీటర్లు పోగొట్టుకుంటుంది. టీ గ్లాసుడు. 13 లీటర్ల ఆయిల్ పట్టే ఇంజన్‌కు అది లెక్కలోకి రాదు. నిమిషానికో చుక్క చొప్పున పగలూ రాత్రీ కారితే రోజుకు దాదాపు యాభై మిల్లీలీటర్లు, మూడు వారాలకు లీటరు. అప్పుడు అది స్వల్పం కాదు.

పరిమాణాన్ని పక్కన పెట్టాల్సిన సందర్భం నిప్పు. ఇంజన్ ఆయిల్ 200 డిగ్రీలు దాటిన తర్వాత అంటుకోగల ఆవిరి వదులుతుంది. గట్టిగా నడిపినప్పుడు పెట్రోలు టర్బో టర్బైన్ గూడు ఎనిమిది, తొమ్మిది వందల డిగ్రీల వాయువులను మోస్తుంది. ఒకటి రెండు చుక్కలు పడితే పొగ వచ్చి పోతుంది. ప్రెషర్ ఉన్న సరఫరా గొట్టం కీలు వదులై పిచికారీలా చిమ్మితే మంట అంటుకోవచ్చు. టర్బోకు ఆయిల్ తెచ్చే గొట్టం దగ్గర కనిపించిన ఏ తడినైనా వాయిదా వేయకూడదు. మిగతా చోట్ల ఓపిక పట్టవచ్చు, ఇక్కడ కాదు.

మరమ్మతు

చేతికి అందేవి వెంటనే, ఇంజన్ దించాల్సినవి దించినప్పుడు: ఇదే వాడుక సూత్రం. టాపెట్ కవరు ప్యాకింగులు, డ్రెయిన్ వాషర్లు, గొట్టాల కీళ్లు మొదటి కోవ. నెత్తి మీది మూడు సీళ్లు, ఫ్లైవీల్ సీలు రెండో కోవ. 911లో ఇంజన్, గేరుబాక్సు కలిపి కిందికి దించుతారు కనక క్లచ్ మార్చే రోజునే ఈ కోవలోవన్నీ ఒక్కసారిగా పూర్తి చేస్తారు. సీళ్ల ధర తక్కువ, కూలి ఎక్కువ.

లీకు చూడగానే నట్టు ఇంకో చుట్టు బిగించడం అందరి చేతికీ వచ్చే మొదటి పని. అల్యూమినియం గూళ్లలోని ఆరు మిల్లీమీటర్ల స్టడ్డులకు అది పనికిరాదు. టాపెట్ కవరు నట్లకు చాలేది దాదాపు 8 న్యూటన్ మీటర్ల బిగువు. చిన్న పానాతో మణికట్టు బలానికి మించి తిప్పితే కవరు వంగుతుంది, లేదా మర ఊడి చేతికి వస్తుంది. అప్పటి దాకా చెమర్చిన చోట అప్పటి నుంచి కారుతుంది. మూలల నుంచి కాకుండా మధ్య నుంచి అంచులకు, కొద్దికొద్దిగా, రెండు మూడు విడతల్లో బిగించాలి.

ప్యాకింగు బదులు సిలికాన్ పేస్టు దట్టించడం టర్బో ఇంజన్‌లో మరీ ప్రమాదం. లోపలికి పిసుక్కున్న పేస్టు తునకలు ఆయిల్ దారిలో పడితే టర్బో సరఫరా సన్నటి రంధ్రాన్ని మూసేయగలవు. లీకు ఆపే మందులుగా అమ్మే ద్రవాలు గట్టిపడిన రబ్బరును ఉబ్బించి కొన్నాళ్లు పనిచేస్తాయి. అరిగిన లోహాన్నీ చిరిగిన కాగితాన్నీ అవి ఏమీ చేయలేవు. పాత కార్ల యజమానులు కొందరు 20డబ్ల్యూ-50 వంటి చిక్కటి ఆయిల్‌కు మారతారు. గాలితో చల్లబడే ఇంజన్‌కు, వేడి ప్రాంతంలో అది ఎలాగూ తగినదే. కొత్త తరం నీటి చల్లదనపు టర్బోకు మాత్రం కంపెనీ చెప్పిన చిక్కదనాన్ని దాటకూడదు.

ఇతర కార్లలో

పోర్షె 944 టర్బో: ఇందులో క్రాంకు, బ్యాలెన్స్ షాఫ్టుల ముందు సీళ్లు ముఖ్యం. అవి కారితే ఆయిల్ టైమింగ్ బెల్టు మీద పడుతుంది. తడిసిన బెల్టు తెగినా పళ్లు జారినా వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. చుక్కల్లో కొలిచే లీకు ఇంజన్‌ను మట్టుపెట్టగలదనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

సుబారు ఇంప్రెజా డబ్ల్యూఆర్ఎక్స్: 1992లో వచ్చిన ఈ కారులోనూ సిలిండర్లు అడ్డంగానే ఉంటాయి కనక టాపెట్ కవరు లీకు ఎగ్జాస్ట్ మీదే పడుతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు లోపలికి వాసన వస్తుంది. ఇంజన్ వెనక ఉండే ఆయిల్ సెపరేటర్ పలక మొదట ప్లాస్టిక్‌ది. అది వంగి కారేది, తర్వాత లోహపు పలకతో మార్చడం రివాజయింది.

మాజ్డా ఆర్ఎక్స్-7: 1991 చివర మొదలైన మూడో తరం. రోటరీ ఇంజన్ ఆయిల్ చాంబరును సీలెంటు మాత్రమే పట్టి ఉంచుతుంది. కంపనానికి అది విడిపోయి అంచు వెంట కారడం ఈ కారు పేరు వినగానే గుర్తొచ్చే సంగతి. రోటరీ ఇంజన్ తన సీళ్ల కోసం కొంత ఆయిల్‌ను కావాలనే కాలుస్తుంది గనక మట్టం తగ్గిందంటే లీకే అని తీర్మానించలేం.

నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్: 1989 నుంచి వాడిన ఆర్‌బీ26 ఇంజన్‌ను ట్రాకు మీద ఎక్కువ సేపు జోరుగా తిప్పితే ఆయిల్ హెడ్‌లోనే నిలిచిపోయి బ్రీదర్ నుంచి బయటికి వస్తుంది. రేసు నడిపేవాళ్లు దీనికి క్యాచ్ ట్యాంకు, అదనపు డ్రెయిన్ గొట్టం పెట్టుకుంటారు.

తనిఖీలు, రేసు నిబంధనలు — చూడండి: వాహన ఫిట్‌నెస్, రేసు జెండాలు

జర్మనీలో నియత తనిఖీలో ఇంజన్ ఆయిల్‌తో తడిగా ఉండటాన్నీ చుక్కలు రాలడాన్నీ వేర్వేరుగా చూస్తారు. బ్రిటన్ వార్షిక ఎంఓటీ పరీక్షలో 2018 మే 20 నుంచి పర్యావరణానికి హాని చేసేంతగా ద్రవాలు కారడం కూడా తనిఖీ అంశమైంది. పాత కార్ల ప్రదర్శనలు జరిగే చోట నిర్వాహకులు కొందరు ప్రతి కారు కింద ఒక పళ్లెమో పీల్చే గుడ్డో పరచాలని షరతు పెడతారు.

రేసు ట్రాకు మీద లెక్క ఇంకా కఠినం. ఒక కారు వదిలిన ఆయిల్ మీద వెనక వచ్చే కారు జారిపోతుంది. ట్రాకు జారుడుగా ఉందని హెచ్చరించడానికి పసుపు మీద ఎర్ర చారలున్న జెండా చూపిస్తారు. ప్రమాదకరమైన యాంత్రిక లోపమున్న కారుకు దాని నంబరుతో పాటు మధ్యలో నారింజ రంగు గుండ్రం ఉన్న నల్ల జెండా చూపిస్తారు. ఆ జెండా పడిన డ్రైవరు పిట్‌లోకి రావాలి. లోపం సరిచేశాకే మళ్లీ ట్రాకు ఎక్కవచ్చు.